బండికేం కాలేదు

ఆ శనివారం పొద్దున తాళాలాయన చేతిలో ఉన్నవి ఇవీ: పెద్ద రెస్టారెంటు గేటు, ఏడుగురు డ్రైవర్లు, తాళాలు తగిలించే చెక్కబల్ల, గడువు తీరని ఇన్సూరెన్సు పాలసీ, సోమవారం కాంట్రాక్టు తిరగరాద్దామని మేనేజరు ఇచ్చిన మాట. ఆ మాటకు ఒక తోక కూడా ఉంది. ఊరికి ఆ చివర తెరవబోతున్న రెండో బ్రాంచి గేటు కూడా నీకేనన్నాడు మేనేజరు. వీటన్నిటిలో చెక్కబల్ల ఒక్కటే తాళాలాయన సొంతం. మిగతావి ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగినవే. ఆ సంగతి మరిచిపోయే మనిషి కాదతను.

తినడానికి వచ్చినవాళ్ళు మెట్ల ముందు కారు దిగి, తాళం చేతికిచ్చి లోపలికి పోతారు. ఆ కారును కింద సెల్లారులో పెట్టడం, వాళ్ళు తిని బయటికొచ్చేసరికి మళ్ళీ మెట్ల ముందు నిలబెట్టడం అతని మనుషుల పని. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గాని గేటు దగ్గర దాంతో ఎవరికీ అవసరం పడలేదు. "తాళాలాయన ఏడీ?" అంటే చాలు. కోపమొస్తే ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుంది.

సెల్లారు కట్టినవాడు వేసుకున్న లెక్క వేరు, శనివారం మధ్యాహ్నం వచ్చే కార్ల లెక్క వేరు. గళ్ళు నిండాక మిగిలిన కార్లను మధ్య దారిలో ఒకదాని వెనక ఒకటి పెడతారు. అలా పెట్టేటప్పుడు గేరు తీసేసి, హ్యాండ్‌బ్రేకు దించేసి వదలాలి. గడిలో ఇరుక్కున్న కారు కావాల్సివస్తే, దారిలో ఉన్నదాన్ని తాళంతో పని లేకుండా చేత్తో తోసేయొచ్చు. ఏ డ్రైవింగు స్కూల్లోనూ నేర్పని విద్య ఇది. వెనక ఇద్దరు తోస్తే ముందు ఒకడు నిలబడి ఆపుతాడు. ఆపేవాణ్ణి 'అడ్డు' అంటారు. చక్రం కింద పెట్టే చెక్క ముక్కలు ఓ మూలన ఉన్నాయి. వంగి పెట్టి, మళ్ళీ వంగి తీసేంత తీరిక శనివారం ఎవరికుంటుంది? అరచేతులతో, నడుముతో ఆపేస్తారు.

తాళాలాయన పెట్టిన నియమం ఒక్కటే. గీత పడితే గీసినవాడిదే. కారుకు దెబ్బ తగిలితే బాగుచేయించే ఖర్చులో మొదటి వాటా పాలసీ తీసుకున్నవాడు భరించాలి, ఆ పైది కంపెనీ ఇస్తుంది. ఆ మొదటి వాటాను అతను డ్రైవరు జీతంలో కోసేవాడు. ఇందులో అన్యాయం ఉందని అతనికెప్పుడూ తోచలేదు. నష్టం ఎవరి చేతిలోంచి జారిందో వాడికే తగలాలి, అప్పుడే చెయ్యి జాగ్రత్తపడుతుంది అనేవాడు.

ఆ మధ్యాహ్నం పై అంతస్తులో ఏదో కంపెనీవాళ్ళ విందు. సెల్లారు గొంతుదాకా నిండింది. తాళాలాయన పైన బల్ల దగ్గర నిలబడి వచ్చిన తాళం వచ్చినట్టు కొక్కేనికి తగిలిస్తున్నాడు. మెట్ల మీద ఒకాయన పళ్ళ సందులో పుల్లతో కుట్టుకుంటూ చీటీ అందించాడు.

"నల్లది. త్వరగా."

చీటీ చూసి తాళాలాయన సెల్లారు వాలులోకి కేకేశాడు. "మూలగడిలో నల్లది! ముందున్న పెద్దబండి తొయ్యండి!"

కింద తొయ్యడానికి పెద్దాయన, మరొకతను వంగారు. పెద్దాయన అంటే డ్రైవర్లందరిలో వయసు మళ్ళినవాడు. లారీలు, బస్సులు నడిపి, కళ్ళు మందగించాక ఇక్కడికి చేరాడు. అడ్డు నిలబడింది రివర్సు. ఆ పేరు తోటివాళ్ళు పెట్టిందే. ఎంత ఇరుకులోకైనా వెనక్కి నడిపేటప్పుడు అతను అద్దాలు చూడడు. ఒక చెయ్యి కిటికీలోంచి బయటికి వేలాడేసి, వేలి కొసలు గోడకు తగలగానే బ్రేకు వేస్తాడు. గోడకూ కారుకూ మధ్య వేళ్ళు పట్టేంత జాగా మిగిలితే చాలతనికి.

పెద్దబండి కొత్తది. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తియ్యలేదు. దాని బరువు చేతికి అలవాటు కాలేదు. మొదటి తోపుకు కదల్లేదు. రెండో తోపుకు కదిలి, నీళ్ళు పోవడానికని నేలకు పెట్టిన వాలు అందుకోగానే తనంతట తనే పోవడం మొదలుపెట్టింది.

"ఆగాగాగు! పట్టు పెద్దాయనా, పట్టు!"

పట్టుకోవడానికి నున్నటి వెనక భాగంలో ఏముంది? పెద్దాయన అరచేతులు జారాయి. రివర్సు రెండు చేతులూ బంపరుకు ఆనించాడు, మడమలు నేలకు తన్నిపెట్టాడు. చెప్పులు జారాయి. వెనక స్తంభం. పక్కకు తప్పుకోవడానికి కావలసినంత చోటుంది. అతను తప్పుకోలేదు. ఒక పక్కకు తిరిగి, బంపరుకూ స్తంభానికీ మధ్య ఎడమ కాలు పెట్టాడు.

చప్పుడు పెద్దగా రాలేదు.

"బండికేం కాలేదు," అన్నాడు రివర్సు. మొదట అన్న మాట అదే.

తాళాలాయన పరుగెత్తుకుంటూ కిందికొచ్చాడు. ఫోను లైటు వేసి వంగి, బంపరు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. చొక్కా చేత్తో తుడిచి మళ్ళీ చూశాడు. నిజమే, ఏం కాలేదు.

"అమ్మయ్య," అన్నాడు.

"అమ్మయ్యలు తర్వాత అనుకుందువుగాని. ముందు బండి వెనక్కి లాగనీ. కాలు ఇంకా దాన్లోనే ఉంది," అన్నాడు పెద్దాయన.

అప్పుడు చూశాడు తాళాలాయన. రివర్సు ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. కింది పెదవిని పళ్ళతో పట్టుకుని స్తంభానికి తల ఆనించాడు. పైనుంచి నల్లకారాయన కేక వినిపించింది.

"ఇంకెంతసేపయ్యా? తిన్నది అరిగిపోతోంది ఇక్కడ!"

*

ఎముక రెండుచోట్ల విరిగిందన్నాడు డాక్టరు. లోపల కడ్డీ వేసి బిగించాలన్నాడు. కౌంటరు దగ్గర ముందుగా కట్టవలసింది తాళాలాయన తన జేబులోంచే తీసి కట్టాడు. చేతికి ఎముక లేని మనిషని కాదు గాని, అవసరానికి వెనకాడే మనిషీ కాదు.

"రసీదు ఎవరి పేరు మీద?" అడిగింది కౌంటరు అమ్మాయి.

తన పేరు చెప్పడానికి నోరు తెరిచి ఆగాడు. కట్టినవాడి పేరు కాగితం మీద ఉంటే, ఎందుకు కట్టావని రేపెవరైనా అడగొచ్చు.

"పేషెంటు పేరు మీదే రాయండి."

రివర్సు భార్య ఒక లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. కబురందగానే ఉన్నపళంగా వచ్చేసింది. మెడ మీద చెమట, చీర కొంగులో పని చేసే చోటి ఆవిరి వాసన. బల్ల మీద పడుకున్న మొగుడి కాలు చూసి, కట్టు అంచు ఒకసారి వేలితో ముట్టి, తాళాలాయన వైపు తిరిగింది.

"అన్నయ్యా, బండికేమైనా అయిందా?"

"లేదమ్మా. గీత కూడా పడలేదు."

"హమ్మయ్య." ఆమె గోడ పక్క స్టూలు మీద కూలబడింది. "పోయినసారి అద్దానికి కోస్తే ఇంటద్దె రెండు ముక్కలు చేసి కట్టాం. ఓనరమ్మ ఇప్పటికీ దెప్పుతుంది."

"నేను చెప్తూనే ఉన్నా, ఏం కాలేదని," అన్నాడు రివర్సు, మందు మగతలోంచి. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "కాలు పెట్టకపోతే ముందు భాగం మొత్తం పోయేది. కొత్తబండి."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నోరు మూసుకుని పడుకో," అంది భార్య. మళ్ళీ తాళాలాయన వైపు చూసి, "బండ్లకి ఇన్సూరెన్సు ఉందనేవారు కదన్నయ్యా. దాంట్లోంచి ఈయనకి వస్తుందా?" అని అడిగింది.

"కనుక్కుంటానమ్మా."

"ఎన్నాళ్ళు పడుతుందంట నడవడానికి?"

"అదీ కనుక్కుంటా."

ఆమె తలూపింది. కనుక్కుంటానన్న మాటను చిల్లరలా గుప్పిట్లో పెట్టుకుని ఊరుకుంది.

*

ఏజెంటుకు ఆఫీసంటూ లేదు. ఒక జిరాక్సు దుకాణంలో మూల బల్ల అతనిది. ఆదివారమైనా అక్కడే దొరుకుతాడు. తాళాలాయన చెప్పిందంతా విని, జిరాక్సు మిషను చప్పుడు ఆగేదాకా మాట్లాడలేదు.

"బండికి ఏమైంది?"

"ఏం కాలేదు."

"మరి నా దగ్గరికెందుకొచ్చారు?"

"మనిషి కాలు విరిగిందయ్యా బాబూ."

"అదే చెప్తున్నా. మీ పాలసీ బండ్లది. మీ చేతిలో ఉండగా బండికి దెబ్బ తగిలితే కంపెనీ ఇస్తుంది. బండికి దెబ్బ తగలనివ్వకుండా ఆపినందుకు ఇవ్వదు." ఏజెంటు పెన్నుతో చెవి వెనక గోక్కున్నాడు. "ఆయన పక్కకి తప్పుకుని ఉంటే బంపరు, జాలీ, లైట్లు, అన్నీ మేమే ఇచ్చేవాళ్ళం. మాకు మిగిల్చాడు పాపం. కంపెనీవాళ్ళు దండ వెయ్యాలి ఆయనకి."

తాళాలాయనకు నవ్వు రాలేదు.

"మనుషులకి కూడా కలపమంటారా అని అప్పట్లో అడిగాను. గుర్తుందా? ఏమన్నారు మీరు?"

గుర్తుంది. మనుషులకు కళ్ళున్నాయి, వాళ్ళే చూసుకుంటారు, కళ్ళు లేనివి బండ్లు, వాటికి చాలు అన్నాడు. అన్నప్పుడు ఇదే బల్ల దగ్గర ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

"ఇప్పుడేంటి దారి?"

"చేతులు కాలాక నన్నడిగితే ఆకులు ఎక్కడ తేను? పాలసీ లేకపోయినంత మాత్రాన బాధ్యత పోదు. పనిలో ఉండగా దెబ్బ తగిలింది, పని ఇచ్చినవాడు కట్టుకోవాలి. తప్పెవరిదని కూడా అడగరు. మీరు పని ఇచ్చారు. మీకు రెస్టారెంటు పని ఇచ్చింది. చోటు వాళ్ళది, పని వాళ్ళది. మీరు కట్టకపోతే వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. వాళ్ళు కట్టి, ఆనక మీ దగ్గర రాబట్టుకుంటారు. కాకపోతే..."

"కాకపోతే?"

"ఆయన ఆ రోజు పనిలోనే ఉన్నాడని ఎవరో ఒకరు ఒప్పుకోవాలిగా." ఏజెంటు గొంతు తగ్గించాడు. "నేను అనలేదు. లోకంలో జరిగేది చెప్తున్నా."

తాళాలాయన లేచాడు. దుకాణం బయట తన పాత కారు అద్దం మీద ఎవరో వేలితో 'కడగరా' అని రాసిపోయారు. తుడిచి ఎక్కాడు.

*

సోమవారం మేనేజరు అతన్ని కూర్చోమన్నాడు. గేటు తీసుకున్నప్పటి నుంచి ఆ గదిలో అతన్ని కూర్చోమనడం అదే మొదలు. అక్కడే అనుమానం వచ్చింది తాళాలాయనకు. బేరం కంటే ముందు కుర్చీ వేసేవాడు తూకంలో కొడతాడని అతనికి తెలుసు.

"ఎలా ఉన్నాడు మీవాడు?"

"రేపు కడ్డీ వేస్తారంట సార్."

"పాపం." మేనేజరు బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. "ఇది కొత్త కాంట్రాక్టు. రెండు గేట్లూ కలిపి. పైవాళ్ళు సంతకం చేసేశారు. ఇదేమో ఊరికే చిన్న కాగితం."

చిన్న కాగితంలో ఉన్నదీ చిన్న సంగతే. శనివారం రివర్సు పనికి రాలేదు. యూనిఫారం జాకెట్టు తిరిగిచ్చేయడానికి వచ్చి, ఎవరూ చెప్పకుండా సెల్లారులోకి దిగి, కదులుతున్న కారుకు అడ్డం వెళ్ళాడు. కింద తాళాలాయన సంతకానికి గీత గీసి ఉంది.

"ఇలా అయితే బాధ్యత మీకూ లేదు, మాకూ లేదు," అన్నాడు మేనేజరు. "పాము చావదు, కర్ర విరగదు. అతనికి మీరేదైనా చేతిసాయం చేసుకోండి, కాదనం. మంచిదే. కానీ సాయంలాగా చెయ్యండి. బాధ్యతలాగా కాదు."

"మిగతావాళ్ళు చూశారు కదా సార్."

"వాళ్ళు మీ మనుషులు. మీరు చెప్పినట్టు వింటారు."

తాళాలాయన రెండు కాగితాలూ చూశాడు. ఒకటి లావుగా ఉంది, ఒకటి పల్చగా ఉంది. పల్చటిది మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బుధవారం చెప్తాను సార్."

"ఇందులో ఆలోచించడానికేముంది?"

"ఏమీ లేకపోతే బుధవారం కూడా ఏమీ ఉండదు సార్," అని లేచాడు.

ఇంటికెళ్ళాక భార్యకు చూపించాడు. ఆమె కంది రంగు దారంతో కొడుకు స్కూలు సంచి పట్టీ కుడుతోంది. కాగితం చదివి, చదివిన చోటే మళ్ళీ చదివింది.

"జాకెట్టు తిరిగిచ్చేయడానికి వచ్చాడంట! ఆ మనిషి ఒంటి మీద నుంచి ఆ జాకెట్టు తీస్తే చొక్కాకి బొత్తాములుండవని ఆ మేనేజరుకేం తెలుసు?"

"అది కాదు, లెక్క చూడు. సంతకం పెడితే రెండు గేట్లు. పెట్టకపోతే ఉన్న గేటు కూడా పోతుంది. కాలుకి ఎంత అవుతుందో అదంతా మన నెత్తిన. రెండు గేట్లుంటే ఆ మనిషిని నేను వేరేగా చూసుకోలేనా?"

"ఎన్నాళ్ళు చూసుకుంటావు?"

"నడిచేదాకా."

"నడవకపోతే?"

అతను కాగితం అందుకుని మళ్ళీ మడతపెట్టాడు.

"అసలు చూసుకున్నావు, వడ్డీ చూసుకోలేదు," అంది సూది దారం పళ్ళతో తెంపుతూ. "ఇవాళ నువ్వు సంతకం పెడితే, రేపటి నుంచి ఆ మేనేజరు దగ్గర నీ పిలక ఉంటుంది. రేట్లు తగ్గించమంటాడు, తగ్గిస్తావు. పండో ఫలమో ఇంటికి పంపమంటాడు, పంపుతావు. వద్దనడానికి నోరేది?"

"నువ్వు ఏం చెయ్యమంటావు అయితే?"

"నేను చెప్పను. చెప్తే రేపు గేటు పోయాక, నువ్వే చెప్పావు కదే అంటావు. నీ తాళం నువ్వే తీసుకో."

*

మంగళవారం ఆరుగురూ పనికొచ్చారు. ఎప్పటిలాగే తాళాలు తీసుకున్నారు, కార్లు దించారు. తాళాలాయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. అతను రివర్సు సంగతి ఎత్తితే, "రాత్రి వెళ్ళొచ్చాంలే" అన్నాడొకడు. అంతే.

మధ్యాహ్నం సెల్లారు నిండి, మధ్య దారిలో కార్లు పెట్టడం మొదలయ్యాక తేలింది తేడా. లోపలి గడిలో కారు కావాలని చీటీ వచ్చింది. ముందున్న బూడిదరంగు కారు తొయ్యాలి. తొయ్యడానికి ఇద్దరు వంగారు. ముందు ఎవరూ నిలబడలేదు.

"అడ్డు ఎవరు?" అడిగాడు తాళాలాయన.

పెద్దాయన తుండుగుడ్డతో అరచేతులు తుడుచుకున్నాడు. "నాకు చూపు ఆనదు. తెలిసిందేగా."

"నువ్వు?" ఇంకొకణ్ణి అడిగాడు.

"నేను తోసేవాణ్ణన్నా."

మూడోవాడు గోడ మీది విద్యుత్తు పెట్టె మీద రాసిన హెచ్చరికను శ్రద్ధగా చదవసాగాడు. ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉన్న హెచ్చరిక అది.

పైనుంచి మెట్ల దగ్గర హారన్లు మొదలయ్యాయి. తాళాలాయనకు ఒళ్ళు మండింది.

"పోండి, ఒక్కడి కోసం అందరూ అలగండి. నేను నిలబడతా. తొయ్యండి!"

వెళ్ళి స్తంభానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఈ పని అతనికి కొత్త కాదు. ఒకప్పుడు అతనూ వేరొకాయన కింద ఇలాగే అడ్డు నిలబడ్డాడు. అయితే చెక్కబల్ల కొనుక్కున్నాక కిందికి దిగింది కేకలెయ్యడానికే. ఇక్కడ నిలబడితే కారు పైనుంచి చూసినంత చిన్నగా ఉండదు. ముందు అద్దం కళ్ళలోకి వస్తుంది. లైట్లు తొడల ఎత్తున, రెండు పక్కలా, చూస్తున్నట్టే ఉంటాయి.

"మెల్లగా!" అన్నాడు.

మెల్లగానే తోశారు. బూడిదరంగు కారు కదిలింది. వాలు అందుకుంది. అతను రెండు చేతులూ చాచాడు. బంపరు అరచేతులకు తగిలింది. ఆపగలననుకున్నాడు. మోచేతులు వంగాయి. తోలు చెప్పులు జారాయి. నడుము బిగించాడు. ఇంకొక్క జానెడు ఉంది.

తర్వాత అతను స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు తప్పుకున్నాడో తెలియదు. తప్పుకోవాలని అనుకోలేదు. కాళ్ళు అతన్ని అడగలేదు. బంపరు స్తంభాన్ని గుద్ది, ఎండిన చితుకు విరిగినట్టు విరిగింది. ఒక లైటు పగిలి గాజు నేల మీద చిందింది.

పగిలిన లైటులోంచి చివరి ముక్క ఒకటి తీరిగ్గా రాలిపడింది.

"కొత్తగా చేయించినట్టుంది లైటు," అన్నాడు విద్యుత్తు హెచ్చరిక చదివినవాడు.

పెద్దాయన దగ్గరికొచ్చి వంగి చూశాడు. చూపు ఆననివాడు చూసినట్టు కాకుండా బాగానే చూశాడు. "గీత పడితే గీసినవాడిదే అంటావు కదా. ఇది ఎవరు గీసినట్టు?"

తాళాలాయన రెండు మోకాళ్ళ మీదా చేతులు పెట్టుకుని కాసేపు అలా వంగి నిలబడ్డాడు. రెండూ ఉన్నాయి.

"మూలనున్న చెక్క ముక్కలు పట్రండి," అన్నాడు చివరికి. "ఇవాళ్టి నుంచి ప్రతి చక్రానికీ పెట్టాల్సిందే."

"ఆలస్యమవుతుంది మరి. పైవాళ్ళు తిడతారు."

"తిట్లకి కడ్డీలు వెయ్యక్కర్లేదు. పట్రండి."

*

బుధవారం పొద్దున్నే ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, బంపరుకు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. నేల వాలు చూశాడు. స్తంభానికి అంటిన బూడిదరంగును గోటితో గీకి చూశాడు. పక్కన మేనేజరు, వెనక తాళాలాయన. డ్రైవర్లు వాలు దగ్గర నిలబడి తమ పని తాము చేసుకుంటున్నట్టు ఉన్నారు.

"తోస్తుంటే ముందెవరు నిలబడ్డారు?"

"నేనే," అన్నాడు తాళాలాయన.

"ఆపలేకపోయారా?"

"ఆపేవాణ్ణేమో. కాలు పోతుందని తప్పుకున్నాను."

సర్వేయరు మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. "మంచి పని చేశారు. బంపరుకి లెక్క కట్టడం నాకు వచ్చు. కాలుకి కట్టడం నా వల్ల కాదు." ఏదో రాసుకుంటూ మామూలుగా అడిగాడు. "శనివారం ఇదే స్తంభం దగ్గర ఎవరికో దెబ్బ తగిలిందని మీ ఏజెంటు అన్నాడు. ఎవరతను?"

మేనేజరు ముందే అందుకున్నాడు. "దానికీ దీనికీ సంబంధం లేదండీ. అతను డ్యూటీలో లేడు. వీళ్ళు కాగితం కూడా రాసిస్తున్నారు." తాళాలాయన వైపు తిరిగి, "తెచ్చారు కదా?" అన్నాడు.

తెచ్చాడు. జేబులోనే ఉంది. తాళాలాయన దాన్ని తీశాడు. రెండు రోజులు జేబులో ఉండి మడతల దగ్గర మెత్తబడింది. నిన్న ఈ స్తంభానికి ఈ పక్కనే నిలబడ్డాడు తను. ఎవరూ చెప్పకుండా, ఎవరూ అడగకుండా, కాళ్ళు వాటంతటవి పక్కకు వచ్చేశాయి. రివర్సు కాళ్ళూ మనిషి కాళ్ళే. అవీ అలాగే పక్కకు రావాలని చూసి ఉంటాయి. వాటిని అక్కడ పట్టి నిలిపింది ఏమిటో ఇంకెవరికి తెలియకపోయినా, నెలనెలా జీతాలు కోసినవాడికి తెలియదా?

"ఆ రోజు అతను డ్యూటీలోనే ఉన్నాడు," అన్నాడు. "మా మనిషే. ఆ కారు తొయ్యమని కేకేసింది నేనే. పని ఈ రెస్టారెంటుది."

సర్వేయరు పెన్ను ఆగింది. మేనేజరు గొంతు తగ్గించి, "ఆలోచించుకునే మాట్లాడుతున్నారా?" అన్నాడు.

"మూడ్రోజులుగా అదే పని సార్."

కాగితం చింపలేదు. దానికేం కాలేదు, బాగానే ఉంది. మేనేజరు చేతికి మర్యాదగా తిరిగిచ్చేశాడు. వాలు దగ్గర పెద్దాయన ఎవరి కారుదో అద్దం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

*

ఆ నెలాఖరుకు గేటు పోయింది. తీసుకున్న కొత్తాయన పాత రేటు కంటే తక్కువకు ఒప్పుకున్నాడని తెలిసింది. ఏజెంటు చెప్పినట్టే, తామూ తాళాలాయనా ఇద్దరూ బాధ్యులేనని తమ వకీలు చెప్పాక రెస్టారెంటువాళ్ళు ఆసుపత్రి ఖర్చు కట్టారు, కట్టినదాన్ని తాళాలాయనకు రావలసిన బిల్లులో మినహాయించుకున్నారు. రివర్సు పనిలేక ఇంట్లో ఉన్నన్నాళ్ళకూ ఇవ్వవలసింది తాళాలాయన ఇచ్చాడు. దానికి పాత కారు అమ్మాడు. పదిమంది కార్లు దాచే మనిషి బస్సులో వస్తున్నాడని భార్య నవ్వింది గాని, బస్సు పాసు ఆమే చేయించింది.

రివర్సు భార్య ఒకరోజు ఇంటికొచ్చింది. కృతజ్ఞతలేమీ చెప్పలేదు. "పోయినసారి అద్దానికి కోసింది కూడా లెక్కలోకి వస్తుందా అన్నయ్యా?" అని అడిగింది. తాళాలాయన కాసేపు తల గోక్కుని, వస్తుందన్నాడు. భార్య లోపలి నుంచి, "వడ్డీ అడగలేదు, సంతోషించు," అంది.

తర్వాత ఒక కంటి ఆసుపత్రి గేటు దొరికింది. కార్లు సగం, తొందర అసలు లేదు. కంటికి మందు వేయించుకున్నవాళ్ళు చూపు తేటపడేదాకా కూర్చోవలసిందే కదా. పాతవాళ్ళలో ముగ్గురు కొత్తాయన దగ్గరే ఉండిపోయారు. పెద్దాయన, ఇంకో ఇద్దరు వచ్చారు. కర్ర వదిలేశాక రివర్సు కూడా వచ్చాడు. ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. బండి నడపడానికి అడ్డం రాలేదు గాని, తొయ్యడానికి రానని మొదటిరోజే చెప్పేశాడు.

"ఇక్కడ తోసేదే లేదు," అన్నాడు తాళాలాయన.

"ఉన్నా రాను. చెప్తున్నా ముందే."

కొత్త పాలసీలో మనుషులను కలపమన్నప్పుడు ఏజెంటు, "కాలు ఈడ్చేవాణ్ణి వదిలేద్దామా? కట్టేది తగ్గుతుంది," అని చూశాడు. "మొదట వాణ్ణే రాయి," అన్నాడు తాళాలాయన.

మొదటి నెల గడిచాక కూర్చుని లెక్క చూసుకున్నాడు. రెండు గేట్లు పోయాయి, ఒకటి చేతిలోదీ, ఒకటి మాటలోదీ. సొంత కారు పోయింది. ముగ్గురు మనుషులు పోయారు. వచ్చింది సగం గేటు, నలుగురు మనుషులు, ఇంతకుముందు కట్టనిది ఇప్పుడు కట్టవలసిన ఇన్సూరెన్సు. గీసినవాడి జీతం కొయ్యడం మానేశాడు కాబట్టి, ఆ నెలలో పడిన రెండు గీతల మొదటి వాటా కూడా అతనిదే అయింది. ఎలా కూడినా నష్టమే.

ఒక్కటి మాత్రం ఏ వైపు వెయ్యాలో తెలియలేదు. ఆ రెండు గీతల సంగతి కారు సొంతదారు చూసి గొడవపడితే తెలిసింది కాదు. ఇదివరకు అలాగే తెలిసేది. డ్రైవర్లు ఉమ్మి రుద్దీ, మైనం పూసీ దాచేవాళ్ళు, చివరికి బయటపడేది. ఈసారి గీత పడిన నిమిషంలో పెద్దాయన ఒకసారి, రివర్సు ఒకసారి తామే వచ్చి, "ఇదిగో, తగిలింది," అని చెప్పి, మళ్ళీ పనిలోకి పోయారు. తాళాలాయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, దాని ధర కట్టడం చేతకాక, లాభంలో వేసుకున్నాడు.